ముందు గుడ్డలు ఇప్పప్పా!

విశ్వాసమ్మ సిస్టరుకు ఉన్నది ఒకే ఒక్క పిచ్చి. ఎదుట మనిషి కనబడితే చాలు, ఒంటి మీది గుడ్డలు ఇప్పించాలి. రాజంపేట పక్కన ఒక మిషన్ ఆసుపత్రికి ఆమె పెద్ద నర్సు. రేడియేషన్ ప్రమాదాల మీద శిక్షణకు పోయి వచ్చిన నాటి నుంచీ ఇదే వరస. ఆ పాడు దుమ్ము ఎక్కువగా బట్టలకే అంటుకుంటుందనీ, అవి తీసేస్తే చాలావరకు పోతుందనీ అక్కడ చెప్పారట. మిగతా పాఠం కూడా చెప్పే ఉంటారు గానీ, ఆమె గట్టిగా పట్టుకున్నది ఇదొక్కటే.

జ్వరమని వచ్చిన కూలీకైనా, పన్ను పోటని వచ్చిన గొర్రెల కాపరికైనా ఒకటే మాట. "ముందు గుడ్డలు ఇప్పప్పా!" తెర వెనక స్నానం, తర్వాత వేరే గుడ్డలు. ఇప్పినవి సంచిలో వేసి మూతి కట్టేస్తుంది. తిరిగి ఇవ్వదు. ఆ వేరే గుడ్డల కోసం చర్చి వాళ్ళ బీరువాల మీద పడుతుంది. ఆసుపత్రిలో మందులిచ్చే ఏసన్న పెళ్లి చొక్కా అలాగే పోయింది. ఒకనాడు బస్టాండులో ఎవరో కూలీ ఒంటి మీద అది కనబడితే, ఏసన్న పాపం చొక్కాకే నమస్కారం పెట్టి వచ్చాడు.

ఒకసారి చర్చి మైకులో "రేపు రేడియేషన్ డ్రిల్లు, అందరూ రండి" అని చెప్పించింది. ఊరికి వినబడింది రేషన్ అని. తెల్లారేసరికి కార్డులు, సంచులు పట్టుకుని జనం బారులు తీరారు.

"బియ్యం యాడమ్మా?" అన్నారు.

"సంచులు తెచ్చినారా? శానా మంచిది! గుడ్డలు ఇప్పి దాంట్లో ఏసి మూతి కట్టండి!"

అంత జనం అంత వేగంగా మాయం కావడం ఏసన్న ఎన్నడూ చూడలేదు.

ఇలా ఉండగా నిజంగానే ఒకరోజు అలాంటి ప్రమాదం వచ్చింది. రోడ్డు మీద లారీ బోల్తా పడి, పైపుల అతుకులను రేడియేషన్‌తో పరీక్షించే యంత్రం పెట్టె కింద పడింది. కోసిగి నుంచి కూలికి వచ్చిన చిన్న ఈరన్న దాన్ని ఎత్తి పక్కన పెట్టాడు. కంపెనీ వాళ్ళు వచ్చి, పెట్టె చెక్కుచెదరలేదని చూసుకుని తీసుకుపోయారు. కానీ దాని మీది రేడియేషన్ గుర్తు చూసిన కూలీల మేస్త్రీ వీరభద్ర నాలుగడుగులు వెనక్కి వేశాడు. "వీడు నా జీపు ఎక్కేది లేదు" అన్నాడు. సాయంత్రం జీపు గండికోట పనికి బయల్దేరుతుంది. అది ఎక్కకపోతే ఈరన్నకు కూలి లేదు. భార్య గిడ్డమ్మ ఏడుస్తూ అతన్ని ఆసుపత్రికి తెచ్చింది. వెనకాలే మేస్త్రీతో సహా కూలీల ముఠా అంతా వచ్చి గేటు బయటే నిలబడింది.

విశ్వాసమ్మ రేడియేషన్ కొలిచే మీటరు తెచ్చి ఈరన్నను నెత్తి నుంచి అరికాళ్ళ దాకా చూసింది. మీటరు ఉలకలేదు, పలకలేదు. అది ఏసన్న కళ్ళారా చూశాడు. అయినా ఆమె గేటు దాకా వినబడేలా కేకేసింది. "ముందు గుడ్డలు ఇప్పప్పా!"

బకెట్ల మీద బకెట్ల నీళ్ళు, సబ్బు, మళ్ళీ నీళ్ళు, కొత్త పంచె. పెళ్లికొడుకును చేసినట్టు చేసింది.

"ఏమీ లేదని మీటరు చెప్తాండాది గదక్కా, ఎందుకు కడిగినావు?" అన్నాడు ఏసన్న.

"మీటరు మాట వాళ్ళు నమ్మరు ఏసన్నా. నీళ్ళయితే నమ్ముతారు."

ఏసన్నకు అప్పుడు తట్టింది. ఇన్నేళ్ళలో ఆమె ఇస్త్రీ చొక్కా వాడిని ఇప్పమని అడిగిందే లేదు. చినిగిన గుడ్డలతో వచ్చిన వాళ్ళనే అడిగింది. వాళ్ళు చెయ్యి చాపకుండానే మంచి గుడ్డలతో ఇంటికి పోయారు. ఏసన్నకు తన పెళ్లి చొక్కా మీద మొదటిసారి గర్వం కలిగింది.

విశ్వాసమ్మ మేస్త్రీ తెల్లటి ఇస్త్రీ చొక్కా వైపు చూసింది.

"ఏమప్పా, నువ్వూ ఆ లారీ కాడే ఉండినావంట గదా?"

"నేను పెట్టె ముట్టలేదమ్మా!"

"ముట్టినాయప్ప కడిగించుకున్నాడు. నీ సంగతేంది?"

ముఠా అంతా మేస్త్రీకి బారెడు దూరం జరిగింది. ఇంకేం చేస్తాడు? ఇప్పాడు. ఆసుపత్రి బీరువాలో వేరే గుడ్డలంటూ మిగిలింది చర్చి పాటల వాళ్ళ తెల్ల గౌను ఒక్కటే.

గౌను కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని వీరభద్ర జీపు దగ్గరికొచ్చాడు. లోపల గిడ్డమ్మ పక్కన కూర్చున్న ఈరన్న జరిగి చోటిచ్చాడు.

"రాప్పా మేస్త్రీ, ఈడ కూచో. నాకేం బయం లేదు."