తూకపు రాళ్లకు బెజ్జం

అమ్మ బాత్రూములో జారి పడ్డ రోజు ఆమెను లేపడానికి నలభై నిమిషాలు పట్టింది. అందులో ముప్పావు వంతు సేపు నేనొక్కదాన్నే పెనుగులాడాను. చంకల కింద చేతులు పెట్టి లాగాను. నడుం పట్టుకుని ఎత్తబోయాను. చివరికి ఆ తడి నేల మీదే కూలబడి, ఆమె పక్కన కూర్చుని ఏడ్చాను. అమ్మ బరువు యాభై నాలుగు కిలోలు. చెన్నై చూలైలో మా తాతకు పప్పుల హోల్‌సేల్ కొట్టు ఉండేది. అంతకంటే బరువైన మూటలు మా ఇంటి నడవలోంచి రోజూ వెళ్లేవి. అలాంటి ఇంట్లో పుట్టి, యాభై రెండేళ్లు తిని తిరిగి, కన్నతల్లిని నేల మీద నుంచి లేపలేకపోయాను.

ఆఖరికి కింద ఉన్న వాచ్‌మన్‌ని, పై వాటాలో అద్దెకున్నాయన్ని పిలిచాను. ఇద్దరూ మంచివాళ్లే, వాళ్లను అనడానికేమీ లేదు. కానీ అమ్మ తడి చీరతో, హుక్కులు ఊడిన జాకెట్టుతో, ఇద్దరు పరాయి మగవాళ్ల చేతుల్లో లేచింది. మంచం మీద పడుకోబెట్టేదాకా కొంగు మొహానికి అడ్డం పెట్టుకునే ఉంది. వాళ్లు వెళ్లిపోయాక కూడా తియ్యలేదు. నేనేమో భయంలో, "నన్ను పిలవకుండా ఎందుకు పోయినావు?" అని కసిరాను. ఆ కసురుకు నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేదు.

మర్నాటి నుంచి అమ్మ నీళ్లు తాగడం మానేసింది. మాత్రలు మింగడానికి రెండు గుక్కలు, పొద్దున సగం గ్లాసు కాఫీ, అంతే. చెన్నై ఎండల్లో, ఫ్యాను కూడా వేడిగాలి కొట్టే రోజుల్లో. పెదాలు పగిలి, మూత్రంలో మంట మొదలై, డాక్టరు నన్ను తిట్టాక గానీ సంగతి నాకు అర్థం కాలేదు. నీళ్లు తాగితే బాత్రూముకు పోవాలి. పోతే పడొచ్చు. పడితే వాచ్‌మన్ రావాలి. ఇదంతా ఆమె లోపల్లోపలే తేల్చేసుకుంది.

మాధవరంలో ఉండే మా అన్నకు ఫోన్ చేశాను.

"డైపర్ పెట్టేయ్" అన్నాడు. "లేకుంటే స్కూలుకు లీవు పెట్టు. నీకేం, ఒక్కదానివే గదా."

నేను పెళ్లి చేసుకోలేదు. అందుచేత నా కాలం, నా ఒళ్లు, నా సెలవులు అన్నీ మా వాళ్ల దృష్టిలో ఇంటి ఉమ్మడి సొత్తు. ఒళ్లు మండిపోయింది. అయినా ఆ రోజు మాట పడి ఊరుకున్నాను, ఎందుకంటే నాకు మాత్రం ఏం తెలుసు, ఏం చెయ్యాలో?

చెప్పింది అమ్మకు వ్యాయామాలు నేర్పడానికి వచ్చిన ఫిజియోథెరపిస్టు. చిన్నపిల్ల, మొహమాటం లేని మనిషి. అమ్మను ఎలా లేపబోయానో చేసి చూపించమంది. చూసి, "మీరు చేతులతో లాగుతున్నారండీ, అందుకే లేవలేదు. లేపాల్సింది తుంటితో" అంది. వంటింట్లోంచి అయిదు లీటర్ల నూనె డబ్బా తెచ్చి నా చేతికిచ్చింది. మోకాళ్లు కొంచెం వంచి, తుంటిని వెనక్కి నెట్టి, డబ్బాను కాళ్ల మధ్యకు ఊపి, ఒక్కసారిగా నిటారుగా లేవమంది. డబ్బా దానంతటది ఛాతీ దాకా లేచింది. చేతులు తాళ్లలాగా పట్టుకుని ఉన్నాయంతే. "ఇదే ఊపు. బరువు కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోండి. కొన్ని నెలలకు మీ అమ్మగారిని మీరే లేపుతారు" అంది.

వీధి చివర జిమ్ ఉంది కదా అని వెళ్లాను. అక్కడి ట్రైనరు నన్ను పైనుంచి కిందికి చూసి, గులాబీ రంగు డంబెల్స్ రెండు చేతిలో పెట్టాడు. "లేడీస్‌కి ఇది చాలు ఆంటీ" అన్నాడు. ఒక్కొక్కటీ రెండు కిలోలు. మా అమ్మ రెండు కిలోలుండదు నాయనా అని చెప్పి బయటికొచ్చేశాను.

ఇంట్లోనే చేసుకుందామని పసుపు గుడ్డసంచి తీశాను. పెళ్లిళ్లలో కొబ్బరికాయా తాంబూలమూ పెట్టిచ్చే సంచులు, మా వైపు ఏ ఇంట్లో చూసినా ఒక కట్ట ఉంటాయి. దాంట్లో ఇసుక పొట్లాలు కుక్కి డాబా మీద ఊపడం మొదలుపెట్టాను. మూడో రోజు పిడి కుట్టు తెగింది. ఇసుక పొట్లం పిట్టగోడ దాటి పోయి, కింది వాటా ఆవిడ ఎండబెట్టుకున్న వడియాల మీద పగిలింది. ఆవిడ పైకొచ్చి చేసిన రభస ఒక ఎత్తు, చివర్లో అన్న మాట ఒక ఎత్తు. "ఈ వయసులో ఈ ఎగురుడేమి? గర్భసంచి జారిపోతాది" అంది. స్కూల్లో కూడా ఇదే మాట ఇద్దరు ముగ్గురు అన్నారు.

నాకు చిర్రెత్తుకొచ్చేది ఇక్కడే. నీళ్ల లారీ వచ్చినప్పుడు రెండు చేతులా ప్లాస్టిక్ బిందెలు పట్టుకుని మూడేసి అంతస్తులు ఎక్కిన ఆడవాళ్ల గర్భసంచుల గురించి ఈ ఊళ్లో ఎవరూ దిగులుపడగా నేను వినలేదు. నిండు గ్యాసు సిలిండరు దొర్లించుకుపోయేటప్పుడూ ఎవరికీ గుర్తు రాలేదు. ఆడది ఇంటికోసం బరువెత్తితే అది పని. తన ఒళ్లు గట్టిపడాలని ఎత్తితే మాత్రం అందరూ డాక్టర్లే.

తెగిన సంచిని నేను దబ్బనంతో కుడుతుంటే అమ్మ కుర్చీలోంచి చూస్తూ కూర్చుంది. నేను దారం తెంపుతుంటే అంది, "ఆ సంచితో ఎందుకు అవస్థ? ఆడ రాళ్లు చుమ్మా, ఊరికే పడి ఉండాయి గదా."

ఆమె చూస్తున్నది దేవుడి అల్మరా వైపు. కింది అరలో మా తాత కొట్టు తూకపు రాళ్లు నాలుగు ఉన్నాయి. అన్నీ ఇనుపవే, అయినా రాళ్లనే అంటాం. ఒక్కొక్కటి అయిదు కిలోలు. కొట్టు మూసేసి ఏళ్లయినా వాటికి ఏడాదికొకసారి ఆయుధపూజ నాడు పూజ జరుగుతుంది. చింతపండుతో తోమి, నూనె రాసి, పీట మీద పేర్చేది అమ్మ, నేను. ఆ పైన అన్న వచ్చి పసుపు కుంకుమ పెట్టి హారతి ఇస్తాడు. కొట్టు యజమానే బొట్టు పెట్టాలని మా ఇంటి ఆచారం. కొట్టే లేదు, అయినా యజమాని ఉన్నాడు. తోమే చేతులు మావి, బొట్టు పెట్టే వేలు ఆయనది.

"ఊపాలంటే పైపుకు గుచ్చాల. గుచ్చాలంటే రాయికి బొక్క పెట్టాలమ్మా" అన్నాను.

అమ్మ "పెట్టించు" అంది.

ఆ మాట ఆమె నోట ఎంత బరువైనదో బయటివాళ్లకు చెప్పాలి. వెనకటికి కొందరు వ్యాపారులు రాయి అడుగున తొలిచి బరువు తగ్గించేవాళ్లట. మా తాతకు ఎవరిమీదైనా పట్టరాని కోపం వస్తే, వాడి రాయికి బొక్కుంది అనేవాడు. అంతకుమించిన తిట్టు ఆయనకు తెలియదు. తూకంలో గింజ తగ్గించని ఇల్లు అన్న పేరొక్కటే మాకు మిగిలిన ఆస్తి. ఆ ఇంటి కోడలు రాయికి బొక్క పెట్టించమంది.

పైపుల కొట్లో ఒక జీఐ పైపు ముక్క, టీ జాయింటు, పట్టుకోడానికి అటూ ఇటూ రెండు పొట్టి పైపులు, రాళ్లు జారిపోకుండా అడుగున బిగించే ఫ్లాంజి అడిగాను. "ప్లంబర్ని పంపించండి మేడమ్, మీకు తెలియదు" అన్నాడు కొట్టతను. నేనే ప్లంబర్ని అన్నాను. అన్నీ తీసిచ్చాడు.

లేత్ పట్టే పెద్దాయన దగ్గర మాత్రం అంత తేలిగ్గా కాలేదు. రాళ్లను చూసి చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"ఏమ్మా, తూకం రాయికి బొక్క పెట్టమంటావా? ఎవరి కొట్టువి ఇవి?"

చెప్పాను. ఆయనకు మా తాత తెలుసు.

"ఆ కొట్లో ఒకనాడూ తూకం తగ్గలే. నా చేత్తో నేను పెట్టను. తీసకపో."

ఆయనతో వాదించాలనే వెళ్లాను. కానీ నోరు విప్పేసరికి వేరే మాటలొచ్చాయి. బాత్రూము గురించి, కొంగు గురించి, అమ్మ నీళ్లు తాగకపోవడం గురించి చెప్పేశాను. కొంగు సంగతి అంతవరకు ఎవరికీ చెప్పలేదు. ఆయన ఇనప రజను అంటిన చేతులు గుడ్డతో తుడుచుకుంటూ విన్నాడు.

"మీ అమ్మే పెట్టమన్నదా?"

"అమ్మే అనింది."

"సరి" అని ఒక్కొక్క రాయినీ కళ్లకద్దుకుని మిషనుకు బిగించాడు. సాయంత్రానికి నాలుగింటికీ నడిమధ్య బెజ్జాలు పడ్డాయి. చెయ్యి కోసుకోకుండా అంచులు ఆకురాయితో నున్నగా రాసిచ్చాడు.

పైపు పిడికి పాత సైకిల్ ట్యూబు కోసి చుట్టాను. డాబా మానేసి వెనక వరండాలో మొదలుపెట్టాను. పొద్దున స్కూలుకు పోయేముందు అమ్మ కుర్చీ వరండా గుమ్మంలో వేసేదాన్ని. నేను ఊపుతుంటే ఆమె లెక్కపెట్టేది. "లాభం, రెండు, మూడు, నాలుగు" అని. మూటలు లెక్కపెట్టేటప్పుడు కొట్లో ఒకటి అనరు, లాభం అంటారు. పది దాకా లెక్కపెట్టి, మళ్లీ లాభంతో మొదలుపెట్టేది. ఒళ్లు వంచకుండా దొంగ ఊపు ఊపితే లెక్క ఆపేసేది. ఆ ఊపు మళ్లీ చెయ్యాల్సిందే.

మొదట ఒక రాయి. రెండోది గుచ్చినప్పుడు రెండు రోజులు కుర్చీలోంచి లేవడానికి నాకే చెయ్యి కావాల్సొచ్చింది. మూడోదానికి అరచేతుల్లో కాయలు కాశాయి. నాలుగూ గుచ్చి ఊపిన పొద్దున వరండా గచ్చు అదిరింది, అమ్మ గొంతు కూడా పెరిగింది. కానీ నీళ్లు మాత్రం ఆ రెండు గుక్కలే. ఒకసారి నేల మీద కూర్చో, లేపి చూస్తాను అంటే ఒప్పుకోలేదు. "వద్దు. కింద కూర్చుంటే మళ్లీ ఎవుర్నో పిలవాల్సొస్తాది" అంది. ఇన్నాళ్ల ఊపు చూసి కూడా ఆమెకు నామీద నమ్మకం కుదరలేదు. నాకు కోపం వచ్చింది, ఆమె మీద కాదు. కోపానికి ఒక మనిషంటూ దొరక్కపోతే అది ఇంకా చెడ్డది.

ఆయుధపూజ నాడు మనిషి దొరికాడు. అన్న పట్టుపంచెతో వచ్చాడు. నేను పైపు విప్పి, రాళ్లు తోమి, పీట మీద పేర్చాను. ఆయన కుంకుమ గిన్నె పట్టుకుని వంగి, వంగినవాడు అలాగే ఆగిపోయాడు.

"ఏమ్మే ఇది? ఎవరు పెట్టింది ఈ బొక్కలు?"

"నేనే పెట్టించినా."

"తాత పేరు బజార్లో పెట్టినావు. చూసినోళ్లు ఏమనుకుంటారు? తూకంలో దగా చేసిన ఇల్లు అనుకోరా?"

అమ్మ చెప్పిందని నేను అనలేదు. ఆమెను అడ్డం పెట్టుకోవడం ఇష్టం లేకపోయింది. "అమ్మ నేల మీద పడి ఉన్నప్పుడు పోని పరువు, ఇనప ముక్కకు బొక్క పెడితే పోయిందా?" అన్నాను. "ఆ పొద్దు నువ్వు డైపర్ పెట్టమన్నావు. రాళ్లకు ఇంత నొచ్చుకున్న మనిషివి, అమ్మకు ఎంత నొచ్చుకున్నావో చెప్పు."

ఆయన నామీద ఇంకో మాటకు నోరు తెరిచాడు. అప్పుడే అమ్మ మమ్మల్ని ఆపాలని చేతికర్ర లేకుండా కుర్చీలోంచి లేచింది. రెండడుగులు వేసి, మోకాళ్లు మడతపడి, కుర్చీ కోడు పట్టుకుంటూ మెల్లిగా కిందికి జారిపోయింది. దెబ్బ తగల్లేదు. కానీ నేల మీద ఉంది. ఆమె చెయ్యి కొంగు కోసం వెతుకుతోంది.

అన్న కంగారుపడ్డాడు. అబద్ధం చెప్పకూడదు, కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి ఆయనకు. "ఉండుమ్మా, ఉండు, వాచ్‌మన్‌ని పిలస్తా" అంటూ జేబులోంచి ఫోను తీశాడు.

నేను అప్పటికే అమ్మ వెనక మోకాళ్ల మీద ఉన్నాను. ఆమె మోకాళ్లు మడిచి పాదాలు నేలకు ఆనించాను. చంకల కిందుగా నా చేతులు పోనిచ్చి ఆమె ముంజేతులు పట్టుకుని, ఛాతీకి హత్తుకున్నాను. కాళ్లు ఎడంగా పెట్టి, తుంటి వెనక్కి నెట్టి గుంజిళ్లు తీసేదానిలా కూర్చున్నాను. లాగలేదు. లేచాను. నాతోపాటు అమ్మ లేచింది. ఒక్క క్షణం ఆమె పాదాలు నేలకు తగిలీ తగలనట్టు ఉన్నాయి, తర్వాత నిలబడ్డాయి. ఆమె చీర మడత కూడా చెదరలేదు.

కుర్చీలో కూర్చోబెట్టాను. అమ్మ తన చేతులు చూసుకుంది, నా చేతులు చూసింది, తర్వాత అన్న వైపు తిరిగింది.

"బొక్కలు పెట్టించమన్నది నేను. ఆ ఫోను లోపల పెట్టు."

అన్న ఫోను జేబులో పెట్టుకున్నాడు. కుంకుమ గిన్నె ఇంకా రెండో చేతిలోనే ఉంది. పెట్టాలో వద్దో తెలియక రాళ్ల ముందు నిలబడిపోయాడు.

అమ్మ నన్ను పిలిచింది. "పాపా, దాహంగా ఉండాది. నీళ్లు తెచ్చియ్యి."

గ్లాసుతో తెచ్చాను. ఆమె గ్లాసు వైపు చూసి తల అడ్డంగా ఊపింది.

"చెంబుతో తే" అంది.