ఎంగిలి ద్రాక్షరసం

మా ఛత్రినాక చర్చిలో నెలకోసారి ప్రభువు బల్ల ఉంటుంది, యేసు గుర్తుగా రొట్టె, ద్రాక్షరసం అందరికీ పంచుతారు. రొట్టె ఎవరు చేసినా, ద్రాక్షరసం మాత్రం మా ఎదురింటి సక్కుబాయి కాచాల్సిందే. బస్సులో అఫ్జల్‌గంజ్ దాకా పోయి, "అచ్ఛా మాల్ దేనా భాయ్, దేవునికి" అని బండివాళ్లతో కొట్లాడి నల్లద్రాక్ష తెచ్చేది. తలస్నానం చేసి, ఉపవాసముండి, ఉతికిన గుడ్డలో వడగట్టి కాచేది. గరిటె మాత్రం నోటి దగ్గరికి పోనిచ్చేది కాదు. బల్ల మీదికి రాకముందే నాలుక తగిలితే అది ఎంగిలి. అది ఆమె చట్టం. బైబిల్లో ఎక్కడుందని అడిగితే, "దేవునికి పెట్టేది ఎవరన్న రుచి చూసి పెడ్తరా?" అనేది. వాళ్ల నాయనమ్మ అమ్మవారికి బోనం వండేటప్పటి పద్ధతి అది. ఆమెతో పాటే చర్చిలోకి వచ్చింది, ఎవరూ ఆపలేదు. రుచి చూడని రసం ఒక నెల పుల్లగా, ఇంకో నెల వగరుగా ఉండేది. భక్తితో మింగేవాళ్లం.

సర్కారు దవాఖానలో ఆయాగా చేసి రిటైరైన మనిషి. భర్త ఓదెలు ఇంకొకామెతో వెళ్లిపోయాడు. అప్పటి నుంచి తలెత్తి ఎవరినీ చూడలేదు, ఆదివారం తప్పలేదు. "నా దిక్కు ఒక్కరు వేలు చూపియ్యలే" అని చెప్పుకునేది. నిజమే. అయితే దాన్ని ఎవరూ మెచ్చుకున్నట్టు కూడా నాకు గుర్తులేదు. తప్పు చేయని మనిషి గురించి జనం ఏం మాట్లాడుకుంటారు?

సోనీ గురించి మాత్రం ఎంతైనా మాట్లాడుకున్నారు. ఉస్మాన్‌గంజ్‌లో ఒక హోల్‌సేల్ దుకాణంలో పనిచేసే పిల్ల. పెళ్లయిన మనిషితో కాపురం పెట్టిందని సంఘపెద్దలు ఆమెను బల్ల నుంచి ఆపేశారు. అతను మళ్లీ భార్య దగ్గరికి పోయాడు. సోనీ తల్లి దగ్గరికి వచ్చింది, తర్వాత చర్చికీ వచ్చింది. వెనక చాప మీద కూర్చుని వెక్కివెక్కి ఏడ్చేది. ఆడవాళ్లంతా చుట్టూ చేరి, తిన్నవా బిడ్డా అని ఒకరు, చిక్కిపోయినవని ఒకరు. సక్కుబాయి చాపలు దులుపుతూ ఓరకంట చూసేది. "ఏడ్సుడు గూడ ఒక విద్యనే" అంది నాతో.

ఒక గురువారం స్త్రీల కూడికలో సువార్తలోని కథ ఒకటి చదివించాడు పాస్టరు డానియేలు. వ్యభిచారంలో పట్టుబడిన స్త్రీని గుడి ఆవరణలోకి లాక్కొచ్చి, ధర్మశాస్త్రం రాళ్లతో కొట్టమంటోంది, నువ్వేమంటావని యేసును నిలదీసిన కథ. మీలో పాపం లేనివాడు మొదటి రాయి వేయాలన్నాడాయన. పెద్దవాళ్లతో మొదలై ఒక్కొక్కరే జారుకున్నారు. నేనూ నీకు శిక్ష వేయను, ఇక పాపం చేయకు అని ఆమెను పంపేశాడు.

"మీకేం సమజైందో చెప్పుండ్రి" అన్నాడు డానియేలు.

"మగోణ్ణి ఎందుకు తోల్కరాలే అయ్యగారూ? అదొక్కతే పట్టుబడ్డదా?" అంది కూరగాయల బుచ్చమ్మ. అందరూ నవ్వారు. సోనీ కూడా నవ్వింది.

సక్కుబాయి నవ్వలేదు. "నాకొక అనుమానం. గా గుడిల ఏ తప్పు చెయ్యని ఆడోళ్లు గూడ ఉంటరు కదా. ఊడ్సినోళ్లు, నీళ్లు మోసినోళ్లు. వాళ్లకు ప్రభువు ఏం చెప్పిండు?"

"వాళ్ల గురించి రాయలేదమ్మా."

"గదే అంటున్న. దానితోని ఎంత మంచిగ మాట్లాడిండు! మా దిక్కు చూడనన్న చూడలే."

'మా' అన్నది ఆమె గమనించలేదనుకుంటాను. డానియేలు మాట మార్చి, వచ్చే ఆదివారం సోనీని మళ్లీ బల్లలో చేర్చుకుంటున్నామని చెప్పాడు. "ఈ నెల రసం సోనీ కాస్తది. ఎట్ల కాయాల్నో సక్కుబాయమ్మ చూపిస్తది" అన్నాడు. ఇద్దరికీ గౌరవమే చేస్తున్నానని అతని ఉద్దేశం. సక్కుబాయి మొహం మాడిపోయింది.

శనివారం వడకట్టే గుడ్డ ఇచ్చి రావడానికి నన్నూ తోడు తీసుకుపోయింది. సోనీ వాళ్ల తలుపు తీసే ఉంది. పిలవబోతూ ఆగిపోయాం. పొయ్యి దగ్గర సోనీ చెంచాతో రసం తీసి, ఊది, నాలుకకు తాకించింది. చక్కెర వేసింది. అదే చెంచాతో మళ్లీ చూసింది.

సక్కుబాయి నా మణికట్టు పట్టుకుంది. ఆమె మొహంలో అంత సంతోషం నేనెప్పుడూ చూడలేదు. చప్పుడు చేయకుండా వెనక్కి తిరిగాం.

"చూసినవ్ కదక్కా? సాక్షి నువ్వే."

"దానికేం తెలుసు సక్కూ? నువ్వు చెప్పలేదాయె."

"నాకెవరు చెప్పిండ్రు? రేపు అందరి ముందట లేస్త."

"ఎందుకే దాని మీద ఇంత?"

గల్లీ మలుపు దగ్గర ఆగి, ఇవ్వకుండా తెచ్చిన గుడ్డను మడతపెట్టింది. తర్వాత అంది: "నా మొగణ్ణి తీస్కపోయినామె గూడ యాడనో గిట్లనే ఏడ్సి ఉంటది. ఎవరో దగ్గరికి తీసి ఉంటరు. నన్నెవరు తీసిండ్రు? నేను ఏడ్వలే కదా!"

బల్లకు ముందు మా చర్చిలో ఒక ఆనవాయితీ ఉంది. మనసులో ఎవరి మీదైనా ఏదైనా ఉంటే ఇప్పుడే చెప్పి సమాధానపడమని పాస్టరు అడుగుతాడు. ఎవరూ లేవరు. ఆ ఆదివారం సక్కుబాయి లేచింది. ముందు వరసలో తెల్లచీర కట్టుకున్న సోనీ వెనక్కి తిరిగి, మంచిమాట ఏదో చెప్పబోతోందనుకుని చిన్నగా నవ్వింది.

"రసం ఎంగిలైంది."

చర్చి గుసగుసలతో నిండింది. సంఘపెద్ద ఆనందరావు కళ్లజోడు సర్దుకున్నాడు. "ఎవరు చేసిండ్రు ఆ పని?"

సోనీ చేయి దానంతటదే నోటి మీదికి పోయింది. అందరి కళ్లూ సక్కుబాయి మీద ఉన్నాయి. ఇన్నేళ్లలో మొదటిసారి. ఆమె సోనీని చూసింది, గిన్నెను చూసింది, మళ్లీ సోనీని చూసింది.

"నేనే" అంది. "నాకన్న మంచిగ కాస్తదేమోనని ఓర్వలేక, పోయి రుచి చూసిన."

"అత్తా, అది కాదు..." సోనీ లేవబోయింది.

"నువ్వు కూసో పోరీ! నా మాట నడుమల రాకు."

డానియేలు వేదిక దిగి వచ్చి ఆమె తల మీద చేయి పెట్టాడు. "అమ్మా, నీకు ఎవ్వరు శిక్ష వెయ్యరు" అన్నాడు.

సక్కుబాయి కళ్లు మూసుకుంది. "ఇంకోపారి అనుండ్రి అయ్యగారూ."

ఆయన మళ్లీ అన్నాడు. అప్పుడు ఏడ్చింది. బుచ్చమ్మ కొంగుతో ఆమె కళ్లు తుడిచింది, ఆడవాళ్లంతా చుట్టూ చేరారు. ఆ రసాన్నే పంచారు. అంత కమ్మటి రసం మా చర్చిలో ఎప్పుడూ తాగలేదు.

ఇంటికి వస్తూ, "చక్కెర మస్తు పోసింది, ఉత్త షర్బతు" అని సణిగింది.

"లేనిపోని తప్పు మీదెందుకు వేసుకున్నవే?" అన్నాను.

నడక ఆపి నా వైపు గుర్రుగా చూసింది.

"ఏం, అన్నీ దానికేనా?"