అడ్డుతెర కింద కుడికాలు

ఆ రోజుల్లో ఆటాడినందుకు ఎవరో నెలజీతం ఇస్తారంటే మా నరసన్నపేటలో నమ్మేవారు కాదు. బియ్యం వ్యాపారం చేసే మా ఇంట్లో అయితే మరీను. చెమట పట్టిందంటే బస్తా మోసినట్టే లెక్క. అలాంటి ఇంటికి అరవై ఎనిమిది వేసవిలో (మా చెల్లెలు అరవై ఏడంటుంది, తప్పు, అప్పటికింకా నాకు ఉద్యోగమే రాలేదు) ఒకాయన పెళ్ళిచూపులకు వచ్చారు. కలకత్తాలో ఒక క్లబ్బుకి జీతానికి ఫుట్‌బాల్ ఆడి, ముప్పై నిండకుండానే ఆట మానేసి, విజయనగరం దగ్గర జూట్ మిల్లులో గుమస్తాగా చేరారు. నేను ఆడపిల్లల బడిలో లెక్కలు చెప్పేదాన్ని. వచ్చిన ప్రతి పెళ్ళికొడుకూ జీతం ఎంతో కొంత పెంచి చెప్పేవాడు. నేను లోపల తీసివేతలు చేసుకుని చేసుకుని అలిసిపోయి ఉన్నాను.

చాప మీద అందరూ బాసింపట్టు వేసి కూర్చుంటే, ఆయన మాత్రం కుడికాలు తిన్నగా చాపుకుని కూర్చున్నారు. ఆ పాదం సరిగ్గా మా మామ్మ ముఖానికి ఎదురుగా ఉంది.

"ఏటా కాలు? పెద్దంతరం సిన్నంతరం నేదా?" అంది మామ్మ, నెమ్మదిగా మాట్లాడడం తెలియని మనిషి.

"కలకత్తా అలవాటండి. అక్కడందరూ కుర్సీలే," అని వాళ్ళమ్మ సర్దబోయింది.

"అవిటి గాని కాదు గదా? ముందే సెప్తన్నాను. పీటల మీద బాసింపట్టు ఎయ్యకపోతే నా మనవరాల్ని పందిట్లోంచి లేవదీసుకుపోతాను!"

ఉద్యోగస్తురాలినని మమ్మల్ని పెరట్లో రెండు మాటలు మాట్లాడుకోనిచ్చారు. ఆయన నూతి గట్టుకి ఆనుకుని నిలబడి, ఆమడ దూరం నడిచొచ్చినవాడిలా నిట్టూర్చారు. "మా అమ్మ సెప్పింది అబద్ధం. మోకాలు ముడవదు. వానాకాలం మ్యాచిలో, బురదలో మెలితిరిగింది."

"ఏ సంవత్సరం?" అన్నాను.

"అరవై అయిదు."

"అప్పటికి ఎన్ని గోల్స్?"

"రెండు. అందులో ఒకటి నేను కొట్టలేదు, నా వీపుకి తగిలి లోపలికెళ్ళింది." నా వైపు ఓసారి చూసి, "మీరు పెళ్ళికూతురా, ఇనస్పెక్టరా?" అన్నారు. "ఇంక బంతి ఊసు ఎత్తకండి. ఆ పేరింటేనే నిద్దరొస్తాది."

వీపుకి తగిలిన గోలుని తన ఖాతాలోంచి తీసేసిన మనిషి జీతం పెంచి చెప్పడని నాకు నమ్మకం కుదిరింది. కాని పీటల సంగతి? ఆలోచించాను. జీలకర్ర బెల్లం తలకి తగిలిన క్షణమే పెళ్ళి. అందాకా మధ్యన అడ్డుతెర ఉంటుంది. తెర కింద ఏ కాలు ఎలా ఉందో మామ్మకేం తెలుస్తుంది?

పెళ్ళినాడు మా మేనమామ నన్ను గంపలో మోసుకొస్తుంటే చెవిలో చెప్పాను. "మావా, నన్ను పెళ్ళికొడుక్కి కొంచెం ఎడంగా దించు."

"ఏటే, అప్పుడే భయవా?"

"భయం కాదు మావా, సోటు కావాలి."

ఆయన కాలు తెర కిందుగా వచ్చి నా గంపకి తగిలింది. దాని మీద నా చీర కుచ్చెళ్ళు కప్పేశాను. అంతకు కాసేపటి ముందే (ఇది మాత్రం నా లెక్కలో లేదు) ఏ కాలు చూసి మామ్మ అంత రభస చేసిందో, అదే కాలుని మా నాన్న ఇత్తడి పళ్ళెంలో పెట్టించుకుని, భక్తిగా కడిగి, ఆ నీళ్ళు నెత్తిన చల్లుకున్నాడు. కాళ్ళు కడిగించుకునేవాడు చాపక ఏం చేస్తాడని ఎవరికీ అనుమానం రాలేదు.

మేళం జోరందుకుంది. జీలకర్ర బెల్లం ఆయన తల మీద పెట్టాను. తెర దింపారు. కుచ్చెళ్ళు జారాయి.

"ఒసే! మళ్ళీ ఆ కాలే!" మామ్మ లేచి నిలబడింది. మేళం ఆగిపోయింది. నా చెయ్యి ఆయన తల మీదే ఉంది. తియ్యలేదు. ఆయన తల కదలకుండా కళ్ళు మూసుకున్నారు. పెనాల్టీ కొట్టబోయే వాణ్ణి చూడలేని గోలీలా ఉన్నారు.

"ముహూర్తం అయిపోయిందమ్మా," అన్నారు పురోహితులు, చల్లగా.

మామ్మ నన్ను చూసింది. నా చేతిని చూసింది. "దొంగ ముండా, లెక్కేసే కూకున్నావు," అంది. తరువాత ఆ కాలు దగ్గరికి వచ్చి వంగి, మోకాలి మీద మచ్చ వేలితో తడిమింది. "ఎంత నొచ్చిందో ఏటో. ఒరే, ఆ బాబుకి ముక్కాలి పీట తెండ్రా!" అని కేకేసింది. ఆ సాయంత్రానికల్లా, మా మనవరాలి మొగుడు కలకత్తాలో కాలు ఇచ్చేసి వచ్చాడని, యుద్ధంలోంచి వచ్చినవాడి సంగతిలా అందరికీ చెబుతోంది.

మొన్న డాక్టరు నన్ను కింద కూర్చోవద్దన్నాడు. ఇంటికొచ్చి, ఇంక నాకూ మోకాలు ముడవదన్నాను. ఆయన పేపరు దించి, "ఏ కాలు? ఏ తారీకు నుంచి?" అన్నారు. తారీఖు చెప్పాను. తన కుర్చీ కొంచెం వెనక్కి జరిపారు, నేను కాలు చాపుకోవడానికి చోటు చాలాలని.