బస్ అన్నాకే

పటాన్‌చెరు దాటాక రోడ్డు పని జరుగుతున్న చోట మా ఆటో ఆగిపోయింది. రెండు వైపుల వాహనాలకూ ఒకే దారి మిగిలింది. ఈ చివర ఒకడు, ఆ చివర ఒకడు వాకీటాకీలు పట్టుకుని వంతులవారీగా బండ్లను వదులుతున్నారు. మా డ్రైవరు హారన్ మీద నుంచి చెయ్యి తీయడం లేదు. నేనూ తక్కువేం కాదు. సీటు అంచుకు జరిగి, మెడ చాచి, దిగి నడిస్తే తొందరగా చేరుకోనా అని చూస్తున్నాను. అంతలో ఆ వాకీటాకీ కిర్రుమంది. మనిషి గొంతు రాకముందు వచ్చే చిన్న గరగర అది. నా కుడిచేతి బొటనవేలు, బటన్ మీద నుంచి తీసినట్టు, దానంతట అదే పైకి లేచింది.

ఆ వేలికి ఆ అలవాటు చేసింది రజియా మేడం. జిన్నారం వైపు ఒక మందుల కంపెనీలో కంట్రోల్ రూమ్ ఆమెది. లోపలి టెలిఫోన్లు, బయటికి వెళ్ళే లైన్లు, ప్లాంటంతా తిరిగే వాకీటాకీలు, అన్నీ ఆమె బల్ల మీదికే వచ్చేవి. తలుపు తీయగానే అత్తరు వాసన కొట్టేది. పెద్దగా నవ్వేది. ఎంత పెద్ద మేనేజరైనా లైను కావాలంటే ఆమె ఇచ్చేదాకా ఆగాల్సిందే. ఆ అధికారం తనకుందని ఆమెకు తెలుసు, దాన్ని దాచుకునే రకం కాదు.

నేనప్పుడు ప్యాకింగ్ సెక్షన్‌లో డబ్బాలకు లేబుళ్ళు అతికించేదాన్ని. మా నాన్న ప్రభుత్వ ఫ్యాక్టరీలో ఉద్యోగానికని గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. ఇంటర్‌తో నా చదువు ఆగింది కానీ చదవడం ఆగలేదు. సెలవు దొరికితే సంగారెడ్డి గ్రంథాలయంలో తేలేదాన్ని. అక్కడ ఒక మూల బీరువాలో, అట్ట ఊడిపోయిన నెట్‌వర్కుల పుస్తకం ఒకటి దొరికింది. ఇంగ్లీషుది. పక్కన నిఘంటువు పెట్టుకుని, కొన్ని పేజీలను ఒక్కొక్కటి ఒక పూటంతా చదివాను. ఉన్నది ఒక తీగ, దాన్ని పదిమంది ఎలా పంచుకోవాలి? ఆ పుస్తకమంతా తిప్పి తిప్పి అడిగే ప్రశ్న అదే. అందరి తీగలూ మధ్యలో ఒకచోట కలిస్తే దాన్ని నక్షత్రం అంటారు. ఒకరి నుంచి మరొకరికి చుట్టూ తిరిగి వస్తే వలయం. అందరూ ఒకే తీగకు వేలాడుతూ, ఒకరు మాట్లాడితే అందరికీ వినిపించేలా ఉంటే బస్. ఇవన్నీ కంఠతా పట్టి, వినేవాళ్ళు లేక లోలోపల ఉడికిపోయేదాన్ని.

కంట్రోల్ రూమ్‌లో ఒక కుర్చీ ఖాళీ అయిందని తెలిసి వెళ్ళాను. మేడం ఏమీ అడగకముందే నేను నక్షత్రం దగ్గర మొదలుపెట్టి గుక్క తిప్పుకోకుండా బస్ దాకా వచ్చాను. ఆ మాట వినగానే ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగేలా నవ్వింది. ఎందుకో ఆ పూటే తెలిసింది. వాకీటాకీలో మాట ముగించేటప్పుడు అందరూ "ఓవర్" అనాలని మేనేజరు గోడ మీద రాయించాడు. మా ప్లాంటు జనానికి ఓవర్ అంటే క్రికెట్టే. ఒకరు ఓవర్ అనగానే అవతలివాడు ఎన్ని రన్నులని అడిగేవాడు. మేడం ఆ మాట తీసేయించి "బస్" పెట్టింది. మాట ముగిస్తే బస్ అనాలి, ఆ మాట వినపడేదాకా ఇంకొకరు బటన్ నొక్కకూడదు. ఉర్దూ ఇళ్ళవాళ్ళకూ, బీహార్ నుంచి వచ్చిన హెల్పర్లకూ, జిన్నారం పల్లెల వాళ్ళకూ, మాకూ ఆ మాటకు ఒకటే అర్థం, ఇక చాలు అని.

"నీ పుస్తకం రాసినాయనకు కూడా నా మాట ఎరుకేనన్నట్టు," అంది నవ్వాపుకుంటూ. ఆ తర్వాత నా మొహంలోకి సూటిగా చూసింది. "మూడు నెల్లు చూస్త బిడ్డా. సదివినవు, మంచిదే. గని నీకు ఆగుడు రాదు. అది వస్తే ఈడ ఉంటవ్, లేకుంటే మల్ల పోయి డబ్బాలు అతికిచ్చుకుంటవ్."

ఆ మూడు నెలలూ నాకు నిప్పుల మీద కూర్చున్నట్టే ఉంది. వాకీటాకీ నా ముందే ఉండేది. వినాలి, ముట్టకూడదు. బొటనవేలు మోకాలి మీద పెట్టుకోవాలి, అదీ ఆమె షరతు. బాయిలర్ దగ్గరివాడు ఏదో అడుగుతాడు, జవాబు నాకు తెలుసు, నాలుక మీదే ఉంటుంది. స్టోర్సువాడు నీళ్ళు నములుతూ ఉంటాడు. నా కాలు బల్ల కింద ఊగుతూనే ఉండేది. మేడం చూడకుండానే "కాలు" అనేది. ఆపేదాన్ని. మళ్ళీ ఊగేది. రాత్రి కలలో కూడా ప్యాకింగ్ సెక్షన్ డబ్బాలు వరసగా నా మీదికి వచ్చేవి.

చాయ్ వేళ మాత్రం ఆమె నా చదువు వినేది. పాత టెలిఫోన్ల బదులు ఇంటర్నెట్టు మీద నడిచేవి పెడతారని అప్పటికే కంపెనీలో మాట నడుస్తోంది. తేడా ఏందో చెప్పమంది. పాత పద్ధతిలో ఇద్దరు మాట్లాడుకుంటున్నంతసేపూ లైను వాళ్ళదే, మధ్యలో నోరు మూసుకుని కూర్చున్నా ఇంకొకరికి దొరకదని చెప్పాను.

"స్పెషల్ ఆటో అన్నట్టు," అంది.

కొత్త పద్ధతిలో మాటను ముక్కలు చేసి, ప్రతి ముక్క మీదా చిరునామా వేసి, అందరి ముక్కలనూ కలిపి ఒకే దారిలో పంపుతారని చెప్పాను.

"ఇది షేర్ ఆటో. మరి ఒక ముక్క నడుమల ఇస్నాపూర్‌ల దిగిపోతే?"

రాతలైతే మళ్ళీ పంపిస్తారు, మాటలకు అంత వ్యవధి ఉండదు కాబట్టి పోయింది పోయినట్టే, వినేవాళ్ళకు పెద్ద తేడా తెలియదు అని పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు అప్పజెప్పాను. ఆమె గ్లాసు కింద పెట్టింది.

"ఆ పోయిన ముక్కనే అసలు మాటైతే?"

తర్వాతి ఆదివారం గ్రంథాలయంలో ఆ పేజీలు మళ్ళీ తిరగేశాను. దానికి జవాబు అక్కడ లేదు.

గడువు ముగియవచ్చిన రోజుల్లో ఒక వానాకాలపు మధ్యాహ్నం ట్యాంకుల యార్డులో ద్రావకం దింపుతుండగా పైపు ఊడింది. అక్కడున్నవాడు జైపాల్, గుమ్మడిదల మనిషి. అతని సెట్టు పాతది, ట్యాంకుల వెనక నుంచి దాని గొంతు ఎప్పుడూ సన్నగానే వచ్చేది. "లీకు" అన్నంతవరకే వినిపించింది. ఆ వెంటనే ప్లాంటంతా బటన్ నొక్కింది. ఏమైంది, ఎక్కడ, ఎవరున్నారక్కడ, జైపాల్ జవాబియ్యి. ఒకే తీగకు వేలాడుతున్నప్పుడు గట్టి గొంతు సన్న గొంతును మింగేస్తుంది. అతన్ని కాపాడాలనుకున్నవాళ్ళే అతని మాట బయటికి రానివ్వడం లేదు. మేడం అప్పుడు టెలిఫోన్‌లో మా కంపెనీ ఫైర్ బండి వాళ్ళతో మాట్లాడుతోంది. బండి తూర్పు గేటు వైపు బయల్దేరిందని ఆమె మాటల్లో తెలుస్తోంది.

వాకీటాకీ తీసుకున్నాను. ఆగండి అని అరవాలని ఒళ్ళంతా తహతహలాడింది. అరిస్తే నాదీ ఆ గోలలో ఇంకో గొంతవుతుంది. ఎవరైనా బటన్ వదిలే క్షణం కోసం, వేలు పైకెత్తి పట్టుకుని విన్నాను. రెండు అరుపుల మధ్య సందులో ఒక ముక్క దొరికింది. "...దిక్కు రావొద్దు". ఏ దిక్కో పోయింది. అసలు మాట అదే.

తర్వాతి సందు దొరకగానే నొక్కాను. "బస్. ఎవరూ బటన్ ముట్టొద్దు. జైపాల్ ఒక్కడే మాట్లాడాలి. బస్."

అందరి మాటకూ నేనే ముగింపు పెట్టేశాను. ఓవర్ అని ఉంటే ఎవరు ఆగేవారో తెలియదు. బస్ అంటే బీహారీ హెల్పరు కూడా ఆగాడు. ఖాళీ అయిన ఆ లైనులోంచి దగ్గుతూ ఒక సన్నటి గొంతు వచ్చింది.

"తూర్పు గేటు దిక్కు రావొద్దు. గాలి గటే కొడుతుంది. బండి ఇంజను తేవద్దు. పడమటి నుంచి నడిచి రాండ్రి. బస్."

మేడం ఆ మాట విన్నది విన్నట్టే టెలిఫోన్‌లో చెప్పింది. బండి దూరంగానే ఆగిపోయింది. ఆ ద్రావకం ఆవిరి అంటుకోవడానికి ఇంజను నిప్పురవ్వ ఒక్కటి చాలు. మనుషులు ముసుగులు వేసుకుని పడమటి నుంచి నడిచి వెళ్ళి జైపాల్‌ను పట్టుకొచ్చారు. వారం తిరిగేసరికి అతను క్యాంటీన్‌లో నా గొంతును అనుకరించి అందరినీ నవ్విస్తున్నాడు.

ఆ సాయంత్రం మేడం తన గ్లాసులో చాయ్ సగం నాకు పోసింది. తొందరపడి అందుకోబోయి నేను బల్ల మీద ఒలకబోశాను. ఆమె గుడ్డతో తుడుస్తూ, "ప్యాకింగ్‌ల నీ స్టూలు ఎవరికన్న ఇచ్చుకొమ్మని చెప్తి," అంది. అంతే. కాలు ఊపినా ఆ పూట ఏమీ అనలేదు.

ఇప్పుడు ఆ బల్ల లేదు. దాని చోట అల్మారాలో నెట్‌వర్కు పెట్టెల పచ్చ దీపాలు మినుకుమినుకుమంటూ అందరి ముక్కలనూ క్షణంలో దాటిస్తుంటాయి. ఎవరూ ఎవరి కోసమూ ఆగనక్కర్లేదు. వాటిని చూసుకునే ఉద్యోగం నాది. మేడం రిటైరై జోగిపేటలో కూతురి బట్టల దుకాణంలో కూర్చుంటోంది. టెలిఫోన్లు మోసిన చెవి ఇప్పుడు మందగించింది. ఫోన్ చేస్తే మధ్యమధ్యలో మాట వెతుక్కుంటూ చాలాసేపు ఆగిపోతుంది, మాట దొరికి ముగించాక ఇప్పటికీ బస్ అంటుంది.

ఆ ఆగినప్పుడు చెవిలో సన్నటి గరగర వినిపిస్తూ ఉంటుంది. అది జోగిపేట నుంచి వచ్చేది కాదని నాకు తెలుసు, ఇదీ చదివి తెలుసుకున్నదే. ఈ కాలపు ఫోన్లు మౌనాన్ని మోయవు. లైను తెగిందని మనం కంగారు పడకుండా మన ఫోనే ఆ చప్పుడు పుట్టిస్తుంది. ఆ ఖాళీలో నా కాలు ఊగుతుంది. హలో, వినిపిస్తోందా, ఉన్నారా అని అడగాలని నాలుక దురద పెడుతుంది. అడిగితే ఆమె వెతుక్కుంటున్న మాట మళ్ళీ జారిపోతుంది.

బొటనవేలు మోకాలి మీద పెట్టుకుంటాను. అవతల నుంచి బస్ అని వినపడేదాకా తీయను.