ధాన్యం కొట్టుకి ఎంచిన జెర్రిపోతు

మా ముత్తాత వీరభద్రయ్యగారు మూడు ఊళ్ళకు మునసబు. ఆయన తండ్రి సూరన్నగారు కాలవ లాకుల దగ్గర నిలబడితే, ఆయన కర్ర చూపించిన వైపు చేలకే నీళ్ళు ముందు వెళ్ళేవని చెప్పుకునేవారు. మా తాత రామభద్రయ్యగారి రోజుల్లో మునసబు ఉద్యోగాలు పోయాయి గానీ, గట్టు తగాదా వచ్చినా, అన్నదమ్ములు వేరుపడినా మనుషులు మా అరుగు దగ్గరికే వచ్చేవారు. ఇది గొప్పకు చెప్పడం లేదు. ఇంత చెప్పకపోతే, ఒక పాము విషయంలో మా ఇంట్లో అంత ఎందుకు జరిగిందో చదివేవారికి అర్థం కాదు.

ఇప్పుడు నేను కొవ్వూరులో రెండు గదుల వాటాలో ఉంటున్నాను. మామ్మ ఇత్తడి ఆకుల పెట్టె ఒకటి నా దగ్గర మిగిలింది. మూత తీస్తే తమలపాకుల వాసన రాదు. ఎండు తవుడు, పాత టేకు చెక్క, వాటి వెనక ఎక్కడో వాన వెలిసిన మట్టి కలిసిన వాసన వస్తుంది. అందులో మడతపెట్టిన పాము కుబుసం ఉంది. మొన్న పక్కవాటా అమ్మాయి ఫోనులో ఎవరో పాముల్ని మెడలో వేసుకుని తిరగడం చూసి, "మొదటిసారి పెంచుకోవాలంటే ఏ పాము మంచిదాంటీ?" అని నవ్వుతూ అడిగింది. నాకు నవ్వు రాలేదు. మా ఇంట్లో ఒకప్పుడు అది పెద్దవాళ్ళు కూర్చుని ఆలోచించిన ప్రశ్న.

మా ధాన్యం కొట్టు వీధి వైపు గుమ్మానికి తలుపు ఉండేది కాదు. గుమ్మానికి రెండు పక్కలా గాడి తీసిన స్తంభాలు, ఆ గాడిలోకి పైనుంచి జార్చే టేకు పలకలు. లోపల ధాన్యం పెరుగుతున్నకొద్దీ పలక మీద పలక వేసేవారు. అన్నీ కలిపి పదకొండు. వీధిలో పోయేవాడు పలకలు చూసి, ఆ ఏడు మా పంట ఎంతో చెప్పేసేవాడు. లోపలికి మనుషులు వెళ్ళడానికి పెరటి వైపు ఒక చిన్న తలుపు, దాని తాళంచెవి తాతయ్య మొలతాడుకి. ఎలకలు చేరకుండా ఆ కొట్టులో ఎప్పుడూ ఒక జెర్రిపోతు ఉండేది. దాని మీద ఎవరూ కర్ర ఎత్తకూడదు. అది పోతే ఇంకొకదాన్ని తెచ్చి వదిలేవారు, దాన్ని ఎంచే హక్కు పదేళ్ళు నిండిన పెద్ద బిడ్డది. తాతయ్య ఎంచారు, నాన్న ఎంచారు. తొంభైల చివర ఒక కార్తీకంలో నా వంతు వచ్చింది.

నాగులచవితి నాడు తెల్లవారుతూనే చలిలో తలస్నానం చేసి, తడి జుట్టు వీపుకి అంటుకుంటుండగా పుట్ట దగ్గరికి వెళ్ళి పాలు పోసి, అమ్మ దంచిన చిమ్మిలీ చలిమిడీ పెట్టి, పుట్టమన్ను చెవులకి రాసుకుని, దీపావళి నాటివి దాచుకున్న నాలుగు మతాబులు కాల్చి ఇంటికొచ్చేసరికి, చేలమీద మంచు ఇంకా లేవలేదు. కంకులు వంగి బంగారు రంగుకి తిరుగుతున్నాయి, కాలవ గట్టున ఎవరో పిడకల పొయ్యి మీద నీళ్ళు కాస్తున్నారు. ఆ రోజంతా వేళ్ళకి నువ్వుల నూనె జిడ్డు వదల్లేదు. మర్నాడు పొద్దున్నే సింహాద్రి వచ్చాడు. చేలల్లో వెదురు బుట్టలు పెట్టి ఎలకల్ని పట్టే మనిషి, పాముల సంగతి అతనికి తెలిసినంతగా ఊళ్ళో ఎవరికీ తెలియదు. గుడ్డ కట్టిన మూడు బుట్టలు అరుగు మీద దించాడు.

మొదటిదాంట్లో రెండు తలల పాము, మట్టిరంగులో, పొట్టిగా, లావుగా. "ఇది చంటిపిల్ల చేతిలో పెట్టినా ఏమీ అనదండి, ఒట్టి బద్దకిష్టిది. కొత్తగా పట్టుకునేవాళ్ళకి బాగుంటదండి," అన్నాడు.

"తల ఏదో తోక ఏదో తెలియని సంసారం కాదు మాది. మూసెయ్," అన్నారు తాతయ్య.

తక్కిన రెండూ జెర్రిపోతులే. ఒకటి నా చెయ్యంత పిల్ల. ఇంకొకటి మనిషిని మించిన పొడుగు, పసుపు కలిసిన గోధుమరంగు ఒళ్ళు, పెదవుల మీద సన్నటి నల్లగీతలు, అచ్చం దువ్విన మీసంలా. సింహాద్రి నా పక్కన గొంతుక్కూర్చుని, ఎలా ఎంచాలో నేర్పాడు. కళ్ళు అద్దంలా ఉండాలి, పాలరంగు తిరిగితే కుబుసం విడిచే ముందు చిరాకులో ఉందని. పొలుసుల సందుల్లో పిడుదులు ఉండకూడదు. నోటి అంచున నురగ ఉండకూడదు. తోక మొదట్లో ఒళ్ళు పీక్కుపోతే తిండి మానేసిందని. చేతిమీద వేసుకుంటే ముడుచుకుపోకుండా, దారి అడుగుతున్నట్టు నాలుక ఆడిస్తూ ముందుకు సాగాలి. అన్నీ చెప్పి, పిల్లపాముని నా మణికట్టు మీద వదిలాడు. చల్లగా ఉంటుందనుకున్నాను; ఎండలో ఆరేసిన పట్టుచీరలా ఉంది.

"చిన్నదే తీసుకోండి పాపగారూ," అని, తాతయ్య వైపు చూడకుండా గొంతు తగ్గించాడు. "చిన్నదైతే కప్పలతో, బల్లులతో గడిపేసుకుంటదండి. పెద్దదానికి ఎలకలు కావాలండి. దొరక్కపోతే నిలవదండి, ఆయ్."

"మా కొట్టులో ఎలకలు దొరకవనా?" అన్నారు తాతయ్య.

"అయ్యబాబోయ్, నేనట్టా అన్లేదండి."

నేను పెద్దదాన్ని చూపించాను. ఇంటికి తగ్గ పాము కావాలనిపించింది. తాతయ్య మీసం కింద నవ్వుకున్నారు. దానికి నేను 'మునసబుగారు' అని పేరు పెట్టాను.

ఆ సాయంత్రం తాతయ్య నన్ను మొదటిసారి పెరటి తలుపులోంచి కొట్టులోకి తీసుకెళ్ళారు. పై పలకకీ చూరుకీ మధ్య సందులోంచి ఒక వెలుగు చార కిందికి వాలుతోంది, అందులో ధూళి నిద్రలో నడుస్తున్నట్టు తేలుతోంది. వెలుగు చివర ఉత్త గచ్చు నేల. ఒక మూల నాలుగు కుంచాల ధాన్యం, అంతే. పొలం ఎకరం తర్వాత ఎకరం చేతులు మారిన సంగతి నాకు తెలుసు. చివరి మూడెకరాలు, మా దగ్గర కౌలు చేసిన సత్తిబాబే కొన్నాడని కూడా తెలుసు. కానీ పదకొండు పలకలూ వేసే ఉన్నాయి కదా, లోపల ఏదో ఉందనే అనుకున్నాను. ఊరు కూడా అలాగే అనుకునేది. ఆ అనుకోవడం మీదే మా అరుగు నిలబడింది.

"ఈ సంగతి ఈ గోడలు దాటకూడదు," అన్నారు తాతయ్య. "దాటిందా, రేపటి నుంచి నా మాట వినడానికి ఎవడూ రాడు."

వారం రోజులు నేను బడి నుంచి రాగానే పెరటి తలుపు దగ్గర బోర్లా పడుకుని, కింది సందులోంచి మునసబుగారిని చూసేదాన్ని. దూలం మీద అతను సాగుతుంటే కాలవలో నీళ్ళు తలకిందులుగా పారుతున్నట్టు ఉండేది. ఒక్కోసారి గచ్చు మీద వెలుగు చారలో ఒళ్ళంతా చాపుకుని, తలెత్తి నా వైపు చూసేవాడు. నేనూ ఊపిరి బిగబట్టి చూసేదాన్ని. అమ్మ పిలుపు, దూరాన కాలవ అవతల మోటారు చప్పుడు, వసారాలో మామ్మ ఆకు చింపుతున్న శబ్దం, అన్నీ నీళ్ళ అడుగున వింటున్నట్టు వినిపించేవి. ఎనిమిదో రోజు దూలం ఖాళీ.

ఆ సాయంత్రమే సత్తిబాబు గోనెసంచి మూతి బిగించి పట్టుకుని వచ్చాడు. అరుగు మీద నలుగురు కూర్చుని ఉన్నారు.

"అయ్యగారండీ, మునసబుగారు మా కొట్లో దర్జాగా పడుకున్నారండి. భోజనం కూడా అయిపోయిందండి."

పేరు ఎలా తెలిసిందో మరి, అందరూ నవ్వారు. "మునసబుగారికి అక్కడ వంట నచ్చిందేమోలే!" అన్నాడొకడు. తాతయ్య కూడా నవ్వి, దారి తప్పిందన్నారు. మూడు రోజులకి సంచి మళ్ళీ వచ్చింది. ఈసారి సత్తిబాబు పరిహాసం ఆడలేదు. సంచి నా చేతికిచ్చి, మా పలకల వైపు ఒకసారి చూసి, వెంటనే చూపు దించుకుని వెళ్ళిపోయాడు. ఆ దించుకోవడం నాకు ఇప్పటికీ గుర్తుంది.

ధాన్యం ఉంటే ఎలకలు వస్తాయి, ఎలకలుంటే పాము నిలుస్తుంది, పాము నిలిస్తే ఎవరికీ ఏమీ తెలియదు. పదేళ్ళ బుర్రకి అంతకన్నా మంచి ఉపాయం తట్టలేదు. కోతలు మొదలయ్యాక, బడి వదలగానే కోసిన చేలోకి వెళ్ళి రాలిన కంకులు ఏరి పరికిణీ ఒళ్ళో నింపుకుని, గోడ పక్క రోలెక్కి, పై పలక సందులోంచి లోపలికి పోసేదాన్ని. మోళ్ళు గుచ్చుకుని కాళ్ళు గీతలు పడేవి. పచ్చిగడ్డి వాసన, మంచు దిగుతున్న చేలు, గట్టు మీద కొంగలు, అదంతా నాకు ఆటలాగే ఉండేది. ఒకరోజు కుప్ప వేస్తున్న ఆడవాళ్ళలో ఒకామె నడుం మీద చెయ్యి పెట్టుకుని, "ఓలమ్మో, మునసబుగారింటి పిల్ల పరిగ ఏరుతుందే!" అని కేకేసింది. తల ఎత్తేసరికి గట్టు మీద తాతయ్య నిలబడి ఉన్నారు. ఎప్పటినుంచి చూస్తున్నారో తెలియదు.

కొడతారనుకున్నాను. దగ్గరికొచ్చి, నా పరికిణీ ఒడి అందుకుని, ఏరిన కంకులన్నీ మళ్ళీ చేలో పోశారు. "ఇవి ఏరుకునేవాళ్ళవి," అన్నారు.

మర్నాడు పొద్దున్నే ఉతికిన ఉత్తరీయం వేసుకున్నారు. సింహాద్రిని పిలిపించి మునసబుగారిని బుట్టలో పెట్టించి, ఆ బుట్ట తనే చంకనపెట్టుకుని, నా చెయ్యి పట్టుకుని, ఊరి నడి వీధిలోంచి సత్తిబాబు ఇంటికి నడిచారు. సత్తిబాబు కళ్ళంలోంచి పరిగెత్తుకొచ్చాడు. కూలీలు పని ఆపి చూస్తున్నారు.

"సత్తిబాబూ, మా కొట్టు ఖాళీ. రెండేళ్ళ నుంచీ ఖాళీయే," అన్నారు తాతయ్య, పంచాయతీలో తీర్పు చెప్పే గొంతుతో. "ధాన్యం నీ దగ్గరుంది. ఈ పాము నీ దగ్గరుండటమే న్యాయం. మా మనవరాలు ఎంచింది. దీని మీద కర్ర లేవకూడదు."

"అంత మాటెందుకండి అయ్యగారూ..." సత్తిబాబు తలపాగా విప్పేశాడు. "మా పిల్లల మీద ఒట్టండి, ఎవరూ చెయ్యి వెయ్యరండి." కాసేపు నసిగి, "రెండు బస్తాలు పంపిస్తానండి, పాపగారి పాము మా ఇంట్లో ఉంటుంది గదండి," అన్నాడు.

"పాముకి అద్దె పుచ్చుకునే రోజు ఇంకా రాలేదులే," అన్నారు తాతయ్య. సత్తిబాబు నవ్వాడు. తాతయ్య నవ్వలేదు.

ఇంటికొచ్చి, ఎవరినీ సాయం రానివ్వకుండా, పలకలు ఒక్కొక్కటే గాడిలోంచి ఎత్తి గోడకి ఆనించారు. పదకొండోది తీసేసరికి ఆయన చొక్కా తడిసి వీపుకి అంటుకుంది. వీధిలో ఎండ అంతా ఒక్కసారి కొట్టులోకి వచ్చి కూర్చుంది; నా ఎరుకలో ఆ కొట్టు నిండటం అదొక్కసారే. దూలానికీ గోడకీ మధ్య, తల నుంచి తోక దాకా చెక్కుచెదరకుండా, కుబుసం వేలాడుతోంది. మామ్మ దాన్ని మడిచి తన ఆకుల పెట్టెలో పెట్టింది. మర్నాటి నుంచి అరుగు మీదికి మనుషులు తగ్గారు. పూర్తిగా మానలేదు. సత్తిబాబు మాత్రం చివరిదాకా వచ్చి, అరుగు కింది మెట్టు మీదే కూర్చునేవాడు.

ఇప్పుడు మా ఊళ్ళో ఎవరికీ కొట్లు లేవు. మిషను కోసిన ధాన్యం చేలోంచే లారీ ఎక్కి మిల్లుకి పోతుంది. సత్తిబాబు కొడుకులు కొట్టు పడగొట్టి డాబా వేశారు. సింహాద్రి పోయాక ఎలకలకి మందే పెడుతున్నారు, ఆ ఎలకల్ని తిన్న పాములూ పోయాయి. పక్కవాటా అమ్మాయి అడిగిన దానికి నేను జవాబు చెప్పాను: చిన్నది తీసుకోమని, ముందు ఇంట్లో దానికి తిండి ఉందో లేదో చూసుకోమని.

పోయిన వేసవిలో ఆ పలకలు అమ్మేశాను. కడియంలో నర్సరీ ఉన్నాయన మొక్కల కుండీలు పెట్టుకునే బల్లలకి పనికొస్తాయని, పదకొండూ తీసుకెళ్ళాడు.