చదివింపుల చక్కెర, బల్ల మీది రొట్టె

అమ్మకు డెబ్బై దాటాక అక్షరాలు వచ్చాయి. కంట్లో పొర తీయించిన నెలకే పట్టు పట్టింది. "సూపొచ్చె గదా, ఇంగ సదువు గూడా నేర్పు" అంది. వారానికి రెండుసార్లు కదిరిలో నల్లమాడ బస్సెక్కి ఊరికి వెళ్ళి నేర్పాను. వేరే పుస్తకం ముట్టలేదు, బైబిలే కావాలంది. వేలు జరుపుకుంటూ, ఒక్కో మాటనూ వేయించిన శెనక్కాయలా నమిలి నమిలి చదివేది.

మా చర్చిలో చదవడమూ అర్థం చెప్పడమూ పాస్టరయ్య పని. ఆమెన్ అనడం మా పని. పాటలయ్యాక మాత్రం ఎవరైనా లేచి దేవుడు తమకు చేసిన మేలు చెప్పుకోవచ్చు. దాన్ని సాక్ష్యం అంటాం. అక్కడే అమ్మ కొంప మునిగింది.

"నా కండ్లు బాగయినాయి. పక్కింట్లో పరుపులు కుట్టే సాయిబులామె నాకోసరం పీర్లకు మొక్కుకున్యాది. పీర్ల ముందర పెట్టి సదివించిన సక్కెర, సదివింపులంటారే, అది తెచ్చిస్తే నోట్లో ఏసుకుంటి. దేవునికి స్తోత్రం" అని సంతోషంగా కూర్చుంది.

ఆమెన్ అని ఒక్కరూ అనలేదు.

పీర్ల చక్కెర తిన్నందుకు అందరి ముందూ లేచి తప్పయిందని ఒప్పుకోవాలన్నాడు పాస్టరయ్య. అంతదాకా ఆమెకు బల్ల లేదన్నాడు. నెలలో మొదటి ఆదివారం ఇచ్చే రొట్టె, ద్రాక్షరసమే మాకు బల్ల. పెళ్ళయి ఆ ఊరొచ్చిన నాటి నుంచి అమ్మ ఒక్కసారీ దాన్ని మానలేదు. అలాంటిది మూడు నెలలు వట్టి చేతులతో ఇంటికొచ్చింది. కూడు మీద కూడా ధ్యాస తగ్గింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. నేను కాలేజీలో చరిత్ర చెబుతాను. ఏటా ఒక పాఠంలో ఆరువందల ఏళ్ళ నాటి ఇంగ్లండు పాదిరి ఒకాయన వస్తాడు. లేఖనమే అన్నిటికన్నా పెద్దది, రోములో ఉన్న పోప్ అయినా దానికి లోబడాల్సిందే అన్నాడాయన. అందులో లేనిది నమ్మి తీరాలని జనం మీద రుద్దే హక్కు ఏ గురువుకూ లేదన్నాడు. పామరుడికీ అది సొంత భాషలో అందాలన్నాడు. చచ్చిపోయాక కూడా ఆయన్ను వదల్లేదు. ఏళ్ళ తర్వాత గోరీ తవ్వించి, ఎముకలు కాల్చి, బూడిద ఏట్లో కలిపించారు. ఆ మాట చెప్పేటప్పుడు నా గొంతు పెద్దదవుతుంది. "నీళ్ళే లేని మన మద్దిలేట్లో అయితే ఆ బూడిద యాడికీ పోయుండదు సార్" అందొక అమ్మాయి. క్లాసంతా నవ్వింది, నేనూ నవ్వాను.

నాలుగో నెల, బల్లకు ముందటి రోజు పాస్టరయ్య ఇంటికొచ్చాడు. అమ్మ పుస్తకం తెరిచి వేలు పెట్టింది. "మీ ముందర పెట్టింది ఏందని అడక్కుండా తినండని ఈడ ఉండాది సూడు."

ఆయన కింది వరస చూపించాడు. "ఇది మొక్కుబడిదని ఎవరన్నా సెప్తే తినొద్దని గూడా ఉండాది పెద్దమ్మా."

"అదీ సదివినా. ఎదుటోళ్ళ మనసు కోసరం వద్దని ఆడనే ఉండాది. నా కండ్ల కోసరం మొక్కుకున్న మనిషి, సక్కెర పారబోస్తే ఆయమ్మ మనసు నొయ్యదా?"

"అర్థం సెప్పేదానికి నేనుండా గదా."

"అర్థంగాకుంటే అడుగుతా. తప్పని నాకు తోస్తే ఒప్పుకుంటా. తోయల్యా."

ఆయన చెడ్డవాడేం కాదు, లేచి ప్రార్థన చేసే వెళ్ళాడు. గోడకు ఆనుకున్న నేను ఆమెన్ అన్నాను.

మర్నాడు అమ్మ ఆడవాళ్ళ చాప అంచున కూర్చుంది. నడిచే దారికి ఇవతల మగవాళ్ళ చాప మీద నేను. పళ్ళెం వస్తుంటే అమ్మ రెండు చేతులూ దోసిలి పట్టింది. పాస్టరయ్య ఆ దోసిలిని దాటి, నా చేతిలో రొట్టె ముక్క పెట్టాడు.

అమ్మ దోసిలి దించలేదు. నా వైపు తిప్పింది.

సగం తుంచి ఇస్తే సరిపోయేది. చెయ్యి చాపితే అందే దూరం. రేపు అమ్మకు ఊళ్ళో కష్టమవుతుందని, చర్చి సమాధుల దొడ్లో చోటివ్వరని లెక్కలేసుకున్నాను. అవన్నీ సాకులు. నేను భయపడ్డాను. ముక్క నోట్లో పెట్టుకున్నాను.

ఇప్పుడు ఒకచోట కుదురుగా కూర్చోలేకపోతున్నాను. క్లాసులో ఆ పాదిరి దగ్గరికొస్తే గబగబా పేజీ తిప్పేస్తున్నాను. అమ్మ మాత్రం ప్రతి ఆదివారం వెళ్ళి అదే చాప అంచున కూర్చుంటోంది.

ఆ బల్ల రోజు చర్చి నుంచి బస్టాపు దాకా నాతో వచ్చింది. బస్సు మలుపు తిరుగుతుంటే అడిగింది.

"పొద్దున ఏమన్నా తింటివా నాయనా?"

"తిన్నానమ్మా."

"మల్ల అంత ఆకలేమిరా నీకు?"