ముందు కూర్చోమన్న మా నర్సన్న

మా నర్సన్న పోయి పదమూడు రోజులైంది. కబురు వచ్చినప్పుడు నేను క్లాసులో ఉన్నాను. చేతిలోని చాక్‌పీసు బల్ల మీద పెట్టి బయటికి నడిచానని పిల్లలు తర్వాత చెప్పారు, నాకైతే జ్ఞాపకం లేదు. సూర్యాపేటలో కచేరీ ఎదుట చింత కొమ్మల నీడన ముప్పై ఎనిమిదేళ్లు ఊరందరి కష్టాలనూ దరఖాస్తులుగా రాసిపెట్టిన ఆ చేయి, సగం రాసిన వాక్యం మీదే నిలిచిపోయిందట. ఆ వాక్యాన్ని ఎవరు పూర్తి చేశారో ఇంతవరకు తెలియలేదు.

పెద్దకర్మ మరునాడు కచేరీ ఆవరణలో సభ పెట్టారు. నలుగురు మాట్లాడితే నలుగురూ ఒకే కథ చెప్పారు. పోలీసు చర్య జరిగిన మరుసటి ఏడు నర్సయ్య గారికి పోలీసు జవాను ఉద్యోగం వచ్చిందనీ, ఆ హుకుం కాగితాన్ని ఆయన అధికారి మొహం ముందే చింపి పారేసి, "నా ప్రజల మీద తుపాకి ఎత్తను" అన్నాడనీ. అందరూ చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేదు. ఈమెకు అన్న మీద కూడా తగవేనా అని నా పక్కన కూర్చున్నావిడ వింతగా చూసింది. తగవు అన్న మీద కాదు, కథ మీద.

మా అన్న కాగితం చింపే మనిషి కాడు. శుభలేఖల వెనకవైపు దరఖాస్తుల చిత్తు రాసుకున్న మనిషి. పైగా "నా ప్రజలు" అనే మాట ఆయన నోట ఒక్కనాడూ వినలేదు. మనుషులను పేర్లతో పిలిచేవాడు. అన్నిటికన్నా ముఖ్యం, ఆయన ఆ ఉద్యోగాన్ని తిరస్కరించలేదు. అదే ఆయనకు రాలేదు. అది కావాలని ఆయన కోరుకున్నంతగా ఈ భూమ్మీద మరి దేన్నీ కోరుకోలేదు. పోయిన మనిషిని పెద్దవాణ్ణి చేయడానికి ఆయన కోరికను చంపవలసిన అవసరం ఏమిటో నాకు బోధపడదు.

కోరిక ఎక్కడ పుట్టిందో చెబుతాను. మాది గరిడేపల్లి దగ్గర చిన్న ఊరు. నిజాం కాలంలో మా ఎద్దొకటి దొంగల పాలైతే, మా నాయన ఫిర్యాదు చేయడానికి ఠాణాకు వెళ్లాడు. పొద్దున వెళ్లిన మనిషిని దీపాలు పెట్టేదాకా నిలబెట్టారు. ఆ పైన ఠాణా అధికారి అమీన్ సాబు సామాను నెత్తిన పెట్టి పక్క ఊరికి మోయించారు. ఎద్దు సంగతి ఎవరూ అడగలేదు. నాయన ఇంటికి వచ్చి కాళ్లు కడుక్కుని అన్న మాట ఒక్కటే: "కూసోమనలే." తిట్టారని గానీ, మోయించారని గానీ చెప్పుకోలేదు. ఆ ఒక్క మాటకే ఆయన కుంగిపోయాడు.

అన్నకు అప్పుడు పదిహేనేళ్లు. "ఠాణల కూసోమనేటోడు ఒక్కడన్న ఉండాలె నాయినా. నేనుంట" అన్నాడు. నాయన నవ్వాడు. ఆ తర్వాత రెండేళ్లకే పోయాడు.

రాజ్యం మారింది. కొత్త సర్కారు కొత్త జవాన్లను తీసుకుంటున్నదని సూర్యాపేటలో చాటింపు వేశారు. అన్నకు ఇరవై ఏళ్లు, నాకు పదకొండు. దరఖాస్తు ఉర్దూలో రాయాలి. మిడిల్ స్కూలు దాకా ఆయన చదివింది ఆ భాషలోనే కనుక మున్షీ అవసరం లేకపోయింది. అయినా నాలుగుసార్లు రాశాడు. దేహం మీద గుర్తు రాయాలన్న చోట ఆగిపోయి, చొక్కా విప్పి నన్ను వెతకమన్నాడు. మెడ కింద ఎడమవైపు మినపగింజంత పుట్టుమచ్చ దొరికింది. "దొరికిందా? ఇగ నేను తప్పిపోయినా సర్కారు నన్ను పట్టుకుంటది" అన్నాడు. మొన్న ఆయనను వాకిట్లో పడుకోబెట్టినప్పుడు అందరూ ముఖం చూస్తుంటే నేను ఆ మచ్చ చూస్తూ కూర్చున్నాను.

ఛాతీ కొలుస్తారని ఎవరో చెప్పారు. రోజూ తెల్లవారి బావి గట్టు మీద నిలబడి ఊపిరి బిగబట్టేవాడు. నేను నారపోగు చుట్టి కొలిచేదాన్ని. నిన్నటికన్నా పెరిగిందని చెబితే ఆయన మొహం వెలిగేది కనుక, నేను పోగును కాస్త వదులుగా పట్టడం మొదలుపెట్టాను. రెండు రోజుల్లో కనిపెట్టాడు. "నన్ను గాదు సెల్లే, నువ్వు సర్కారును మోసం జేస్తున్నవ్. జవాను నౌకరి రాకముందే నిన్ను పట్కపోవాలె నేను" అన్నాడు. ఆ తర్వాత పోగు బిగించే పట్టాను. సూర్యాపేట మైదానంలో ఎత్తు, ఛాతీ, పరుగు అన్నీ నెగ్గి వచ్చాడు. వందల మందిలో మిగిలిన కొద్దిమందిలో మా అన్న ఒకడు.

తర్వాతి మెట్టు మిర్యాలగూడ. అక్కడి దవాఖానలో డాక్టరు కళ్లూ చెవులూ చూస్తాడు. ఆ మీదట ఒక పెద్ద అధికారి ముఖాముఖి మాట్లాడతాడు. ఆ అధికారి అడిగాడట, దొంగ నీ చేతికి చిక్కితే మొదట ఏం చేస్తావని. తక్కినవాళ్లంతా కొడతామనీ కట్టేస్తామనీ చెప్పి వచ్చారు. మా అన్న, "కూసోమంట సాబ్. నిలవడ్డోడు జల్ది ఖతం కావాలని అబద్ధం జెప్తడు" అన్నాడట. ఆ అధికారి నవ్వి ఏదో రాసుకున్నాడని ఇంటికి వచ్చి పదిసార్లు చెప్పాడు. నౌకరి వచ్చేసినట్టే ఉన్నాడు. చివరి జాబితా కోదాడలో చదువుతారనీ, అందులో తన పేరు వినగానే కోదాడ బజారులోనే నాకు గాజులు కొంటాననీ మాట ఇచ్చాడు.

ఆయన మిర్యాలగూడలో ఉన్న రోజుల్లోనే మా ఇంట్లో జరిగింది అసలు సంగతి. సభలో ఎవరికీ తెలియనిది, నేను నలభై ఏళ్లు దాచినది.

అదే నెలలో అన్నకు మఠంపల్లి వైపు నుంచి ఒక సంబంధం నడుస్తున్నది. పిల్లవాడి సంగతి తెలుసుకోవడానికి ఎవరో ఒకరు వస్తారని మధ్యవర్తి కబురు పెట్టాడు. ఒక మధ్యాహ్నం తెల్లధోవతి, కండువా, చేతిలో గొడుగుతో ఒకాయన వచ్చి మా అరుగు ముందు నిలబడ్డాడు. "పిల్లవాడి గురించి కాస్త తెలుసుకుందామని వచ్చామమ్మా" అన్నాడు. ఆ యాస వినగానే ఏటివైపు, అంటే మఠంపల్లి వైపు మనిషని తేలిపోయింది. అమ్మ చాప వేసింది, మజ్జిగ ఇచ్చింది.

దళాల వాళ్లు గుట్టల్లో దాక్కుంటే సర్కారు వాళ్లను వేటాడుతున్న రోజులవి. పోలీసు వాళ్లడిగితే నోరు విప్పవద్దన్నది మా ఊళ్లో పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు. పిల్లనిచ్చే వాళ్లడిగితే ఏదీ దాచవద్దన్నదీ అంతే గట్టి ఆచారం. దాస్తే పెళ్లయ్యాక మాట పడాలి. వచ్చినవాడు వీళ్లలో ఎవరో పోల్చుకోవడానికి మాకున్న ఆధారం ఖాకీ బట్ట ఒక్కటే.

అమ్మ కొడుకు గుణగణాలు ఏకరువు పెట్టింది. బీడీ ముట్టడనీ, కల్లు వాసన గిట్టదనీ, ఎదురు మాట ఆడడనీ. ఆయన నవ్వి, "తల్లులందరూ ఇట్లాగే చెబుతారు కదమ్మా" అన్నాడు. ఆ నవ్వు నాకు ఒళ్లు మండించింది. ఎవరైనా అడ్డంగా మాట్లాడితే ఊరుకోలేని జబ్బు నాకు అప్పటికే ఉంది.

"గట్లెందుకంటరు? మా అన్న ఎసొంటోడో నేను జెప్త" అన్నాను. "మొన్న ఎండకాలం మా బాయికాడి కొట్టంల ఒకాయన కాలికి గుండు తాకి జరంతోని పడి ఉండె. మా అన్న తొమ్మిది దినాలు ఆయనకు జొన్నగటుక మోసిండు. పేరు గూడ అడగలే. మీ పిల్లనిస్తే సల్లగ సూసుకుంటడు."

"ఎవరు పాపా ఆయన?"

"ఏమో. గుట్టలకెల్లి వొచ్చిండు. నడక రాంగనే పోయిండు."

అమ్మ నన్ను ఆపలేదు. ఆపవలసిన మాటని ఆమెకూ తోచలేదు. ఆకలిగొన్నవాడికి అన్నం పెట్టడం వరుడి గుణాల్లో పెద్ద గుణం. ఆయన మజ్జిగ తాగి గ్లాసు బోర్లించాడు. "మీ పిల్లనిస్తే" అని నేనన్నప్పుడు కాదనలేదు, ఔననలేదు. "మంచి పిల్లవాడేనమ్మా" అని అమ్మతో చెప్పి, నా తల మీద చెయ్యి వేసి వెళ్లిపోయాడు. ఆయన అబద్ధమాడాడని కూడా నేననలేను.

నాలుగో రోజు మఠంపల్లి వాళ్లు వచ్చారు. మొన్న వచ్చినాయన రాలేదేమని అమ్మ అడిగింది. "మొన్న ఎవరమ్మా? మేము రావడం ఇదే మొదలు" అన్నారు వాళ్లు. అమ్మ నా చెయ్యి పట్టుకుని వంటింట్లోకి తీసుకుపోయింది. కొట్టలేదు. కొడితే బాగుండేది. "ఈ ముచ్చట వానికి తెల్వొద్దు. నా పానం ఉన్నన్ని దినాలు తెల్వొద్దు" అని చేతిలో చెయ్యి వేయించుకుంది. అమ్మ పోయి చాలా ఏళ్లైంది. ఆమె పోయిన తర్వాత కూడా నేను చెప్పలేదు. ఆ మౌనానికి ఆమె బాధ్యురాలు కాదు.

ఉతికిన చొక్కా తొడుక్కుని అన్న కోదాడ వెళ్లాడు. సాయంత్రానికి రావలసినవాడు మూడు రోజులు రాలేదు. అమ్మ పొయ్యి ముట్టించలేదు. నాలుగో నాటి మధ్యాహ్నం నడుచుకుంటూ వచ్చాడు. కింది పెదవి చిట్లి ఉంది. గడప తగిలిందన్నాడు. అరుగు మీద కూర్చుని, ఎవరూ అడగకముందే, "నౌకరి నాకే ఒద్దనిపించిందే అమ్మా" అన్నాడు. సభలో చప్పట్లు కొట్టించుకున్న మహా కథకు విత్తనం ఆ ఒక్క మాట. తక్కినదంతా నలభై ఏళ్లుగా ఊరు పోసిన నీళ్లు.

ఆ తర్వాత జేబులోంచి పాత కాగితపు పొట్లం తీసి నా చేతిలో పెట్టాడు. పచ్చ గాజులు. డజనులో రెండు పగిలి ఉన్నాయి.

అమ్మ నన్ను బడి మాన్పించాలని పట్టుబట్టింది. ఎందుకో నాకు తెలుసు, అన్నకు తెలియదనుకున్నాను. ఆడపిల్లకు ఇంత నోరు పనికిరాదని ఆమె అంటే, అన్న ఇట్లా అన్నాడు: "నోరు మూపియ్యకే అమ్మా. దానికింత సదువు పెడదాం. ఎప్పుడు మాట్లాడాల్నో అదే నేర్చుకుంటది." పట్నంలో హాస్టల్లో వేసి బి.ఏ. చదివించాడు. ఎప్పుడు మాట్లాడాలో నేను నేర్చుకున్నానో లేదో గానీ, ఈనాడు నా జీవిక మాట్లాడటమే.

ఆయన కచేరీ ఎదుట బల్ల వేసుకున్నాడు. బల్లకన్నా ముందు బెంచీ చేయించాడు. ఎవరు వచ్చినా, దొర అయినా కూలి అయినా, "ముందు కూసో. కూసున్నంక కష్టం జెప్పు" అనేవాడు. కొందరు కూర్చోవడానికి జంకి కింద చతికిలబడితే, తానూ బల్ల వదిలి కింద కూర్చుని రాసేవాడు. పోలీసు ఉద్యోగాలు పడినప్పుడల్లా పిల్లలు ఆయన దగ్గరికే వచ్చేవారు. దరఖాస్తు నింపేవాడు, ఛాతీ కొలిచేవాడు, పరుగు తీయించేవాడు. తనను రానివ్వని గడపను అన్ని ఊళ్ల పిల్లల చేత దాటించాడు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ఠాణాల్లో ఆయన చేయి పడని కాగితంతో చేరిన జవాను అరుదు. అందులో కసి ఉందేమోనని నేను చాలాకాలం వెతికాను. దొరకలేదు.

సభ ముగిశాక రిటైరైన ఒక పోలీసు జమేదారు నా దగ్గరికి వచ్చాడు. ముఖమంతా కన్నీళ్లు. "మీ అన్న మా అందరికి ఒక మాట జెప్పేటోడమ్మా" అన్నాడు. "దరఖాస్తు ఇచ్చి ఇంటికి వోంగనే మొదలు మీ చెల్లెండ్లకు జెప్పుండ్రి, అడగొచ్చినోళ్లందరు పిల్లనిచ్చేటోళ్లు గారని. మేం నవ్వుకునేటోళ్లం. ఎందుకు జెప్తుండెనో గాని, ఒక్క పిలగానికి గూడ జెప్పకుంట ఇడవకపోతుండె."

అన్న బెంచీ ఆ పక్కనే ఉంది. వెళ్లి దాని మీద కూర్చున్నాను. తల్లులకని కాదు, అన్నదమ్ములకని కాదు. చెల్లెండ్లకు.

అంటే ఆయనకు తెలుసు. ఇన్నేళ్లూ వందల మందికి చెప్పిన ఆ మాటను నా ఎదుట ఒక్కసారి కూడా అనలేదు. నా ఎదుట ఎవరైనా పోలీసు ఉద్యోగం ఊసెత్తితే, "నాకే ఒద్దనిపించింది" అనేవాడు. ఊరు ఆ మాటకు కాగితం చింపడం అతికిస్తే, కాదనకుండా ఊరుకున్నాడు. మీరు వీరుణ్ణి కోల్పోయామంటున్నారు. నేను కోల్పోయింది నా తప్పును నాకన్నా ఎక్కువ జాగ్రత్తగా దాచిన మనిషిని. అట్లాంటి మనిషి ఆ బెంచీకి ఎదురుగా మళ్లీ కూర్చోడు.

ఆయన ఏనాడూ నన్ను నిలబెట్టి అడగలేదు కనుక, ఆయన పద్ధతిలోనే, ఆ బెంచీ మీద కూర్చునే అడుగుతున్నాను. అన్నా, పదకొండేళ్ల నీ చెల్లె మాటలను కోదాడలో నీకు చదివి వినిపించారు గదా. ఆ పచ్చగాజులు నువ్వు కొన్నది జాబితాలో పేరుంటుందన్న నమ్మకంతో లోపలికి పోకముందా, లేక అంతా విని బయటికి వచ్చిన తర్వాతనా?